జుట్టు మందులు: ఏటేటా హెచ్చరికలు, ఇంట్లో మౌనం

2025 జనవరిలో మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లా, షేగావ్ తాలూకా పల్లెల్లో జనానికి ఉన్నట్టుండి జుట్టు ఊడిపోయిన వార్త దేశమంతా చదివింది. ఆడవాళ్లు, పిల్లలు కూడా రోజుల వ్యవధిలో తలలు బోడి అయ్యాయని చెప్పారు. మొదట నీళ్లన్నారు, తర్వాత ఫంగస్ అన్నారు. ఐసీఎంఆర్ బృందం వచ్చి నమూనాలు పట్టుకెళ్లింది. డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ తన పరీక్షల ఆధారంగా రేషన్ గోధుమల్లో సెలీనియం మోతాదు మించి ఉందని ప్రకటించారు. ఆ రోజుల్లో మా షోలాపూర్‌లో కూడా, మన రేషన్ గోధుమలు తినవచ్చా అని సంఘానికి ఫోన్లు వచ్చాయి.

అదే సంవత్సరం ఏప్రిల్‌లో, మే నెలలో జుట్టు గురించే ఇంకో రెండు వార్తలు వచ్చాయి. వాటి గురించి ఒక్క ఫోనూ రాలేదు. మా అంచనాలో మన కుటుంబాలకు ఎక్కువ పని ఉన్నవి ఈ రెండే. ఏప్రిల్ 22న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, తలకు రాసుకునే ఫినాస్టరైడ్ కలగలుపు మందుల మీద హెచ్చరిక ఇచ్చింది. 2019 నుంచి 2024 వరకు 32 మందికి ఇబ్బందులు వచ్చినట్టు తమకు నివేదికలు అందాయని చెప్పింది. మే నెలలో యూరప్ ఔషధ సంస్థ, ఫినాస్టరైడ్ మాత్రలు వాడేవారిలో ఆత్మహత్య ఆలోచనలు రావడాన్ని ఆ మందు దుష్ఫలితంగా ఖాయం చేసింది.

అమెరికాలో అనుమతే లేని ఆ పూత మందు మన దగ్గర మినాక్సిడిల్ 5 శాతం, ఫినాస్టరైడ్ 0.1 శాతం కలిపిన సీసాగా మామూలు మందుల షాపులోనే దొరుకుతుంది. ఫోనులో నాలుగు ప్రశ్నలకు జవాబిచ్చి, తల ఫొటో పెడితే ఇంటికే వస్తుంది.

ఎవరు కొంటున్నారు అన్నది మాకు సంఘంలో కూర్చునే తెలుస్తోంది. వధూవరుల నమోదు ఫారాలు మా చేతుల మీదుగానే వెళ్తాయి. పదేళ్ల కిందటి వరకు జీతం, సొంత ఇల్లు, మగ్గాలు ఎన్ని అని అడిగేవారు. ఇప్పుడు ఆడపిల్ల తరఫు వాళ్లు మొదట ఫొటో పెద్దది చేసి నుదురు చూస్తున్నారు. అబ్బాయిలు టోపీ పెట్టుకుని దిగిన ఫొటోలు జత చేస్తున్నారు. హోసూరులో, బళ్లారిలో, బరంపురంలో సంబంధాలు చూసే పెద్దలతో మాట్లాడినా ఇదే మాట. అసలే మనకు సంబంధాల వలయం చిన్నది. మన భాష, మన కులం, మన ఊరికి దగ్గర అనుకుంటూ వెతికే ఇళ్లలో ఇరవై ఆరేళ్ల కుర్రవాడి మీద ఆ ఒత్తిడి ఎంత పడుతుందో తల్లిదండ్రులు ఆలోచించాలి.

అందువల్ల మందు వాడేవాళ్లను తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. ఈ మందులు పని చేస్తాయి. కాకపోతే ఎక్కడ, ఎంతవరకు అన్నది తెలియాలి.

తిరుపతిలో తలనీలాలిచ్చి మూడు నెలల్లో మళ్లీ జుట్టు దువ్వుకున్నవాళ్లమే మనమంతా. కత్తి పడ్డా వేరు చెక్కుచెదరదు కనుక జుట్టు వస్తుంది. వంశపారంపర్యంగా వచ్చే బట్టతలలో వేరే క్రమంగా సన్నబడుతుంది. మగ హార్మోను నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే పదార్థం నడినెత్తి, నుదుటి దగ్గరి వేళ్ల మీద ఏళ్ల తరబడి పని చేసి వాటిని నూగు మొలిపించే స్థాయికి దించుతుంది. ఫినాస్టరైడ్ ఆ డీహెచ్‌టీ తయారీని తగ్గిస్తుంది. 1992లో ప్రొస్టేట్ వాపుకు 5 మిల్లీగ్రాముల మాత్రగా వచ్చి, 1997లో జుట్టుకు 1 మిల్లీగ్రాము మాత్రగా అనుమతి పొందింది. అప్పుడు 1,553 మంది మగవాళ్ల మీద జరిగిన పరీక్షల్లో, రెండేళ్లకు ఉత్త మాత్ర తీసుకున్నవారిలో నూటికి 72 మందికి జుట్టు తగ్గితే, మందు తీసుకున్నవారిలో 17 మందికే తగ్గింది. ఇది చిన్న ఫలితం కాదు.

మినాక్సిడిల్ కథ వేరు. అది 1979లో అమెరికాలో అనుమతి పొందిన బీపీ మాత్ర. వేసుకున్నవాళ్లకు ఒళ్లంతా వెంట్రుకలు రావడం చూసి పూత మందు చేశారు, 1988లో దానికి అనుమతి వచ్చింది. రోజుకు రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు. ఎక్కువ పోసుకుంటే ఎక్కువ మొలవదు, చర్మం దురద పెడుతుంది. మొదటి వారాల్లో ఉన్న జుట్టు ఇంకా రాలుతుంది, ఇది మందు పని మొదలైన గుర్తు. తెలియక చాలామంది అక్కడే మానేస్తారు. ఫలితం కనబడటానికి నాలుగు నెలలు పైన పడుతుంది. ఆపేస్తే కొన్ని నెలల్లో వచ్చింది వచ్చినట్టే పోతుంది. పెళ్లి వరకు వాడి మానేద్దాం అనుకునేవారికి ఈ సంగతి షాపులో ఎవరూ చెప్పరు.

ఇప్పుడు అదే మినాక్సిడిల్‌ను తక్కువ మోతాదు మాత్రగా జుట్టుకు రాయడం ఎక్కువైంది. డాక్టరు తన బాధ్యత మీద రాయవచ్చు, మంచి ఫలితాలూ ఉన్నాయి. కానీ ఎఫ్‌డీఏ ఆ మాత్రను జుట్టుకు అనుమతించలేదు. కాళ్ల వాపు, గుండె దడ, ఆడవాళ్లకు ముఖం మీద వెంట్రుకలు రావచ్చు. గుండె జబ్బు ఉన్నవాళ్లు సొంతంగా తాకరాని మందు.

ఫినాస్టరైడ్ మాటకొస్తే, ఆ తొలి పరీక్షల మొదటి సంవత్సరంలో లైంగిక ఇబ్బందులు మందు వాడినవారిలో 3.8 శాతం, ఉత్త మాత్ర వాడినవారిలో 2.1 శాతం మందికి వచ్చాయి. ఎక్కువమందికి మానేస్తే తగ్గిపోతాయి. కొందరికి మానేశాక కూడా ఉండిపోయాయన్న మాటను 2012లో అమెరికాలో మందు పత్రంలో చేర్చారు. యూరప్ సంస్థ 2025లో చూసిన నివేదికల్లో ఆత్మహత్య ఆలోచనలకు సంబంధించినవి 313, ఎక్కువ భాగం జుట్టుకు వాడే 1 మిల్లీగ్రాము మాత్రవి. కోట్లాది మంది వాడిన మందుకు ఈ సంఖ్య తక్కువే, మందు మేలే ఎక్కువ అని కూడా ఆ సంస్థే చెప్పింది. కానీ ఆ కొద్దిమందిలో ఒకడు మన ఇంట్లో ఉంటే? పిల్లవాడు దిగులుగా, నిద్ర లేకుండా ఉంటే ఉద్యోగం బెంగ అనుకుంటాం. మందు వాడుతున్నాడని తెలియకపోతే ఇంకేం అనుకుంటాం?

ఈ దాపరికమే అసలు చిక్కు. భార్య గర్భవతిగా ఉన్నప్పుడు విరిగిన ఫినాస్టరైడ్ మాత్రను ఆమె ముట్టుకోకూడదు, కడుపులో మగబిడ్డ ఉంటే అవయవాల ఎదుగుదలకు ప్రమాదం. ఖర్చు కలిసొస్తుందని 5 మిల్లీగ్రాముల మాత్రను కత్తితో ముక్కలు చేసే ఇళ్లలో ఆ పొడి వంటగది గట్టు మీదే రాలుతుంది. మినాక్సిడిల్ సంగతీ అంతే. తండ్రి తలకు రాసుకున్న మందు తగిలి చంటిపిల్లలకు ఒళ్లంతా వెంట్రుకలు మొలిచిన కేసులు స్పెయిన్‌లో బయటపడ్డాక, యూరప్‌లో ఆ హెచ్చరికను మందు పత్రంలో చేర్చారు. మనవణ్ణి భుజాన వేసుకుని తిరిగే ఇళ్లు మనవి. ఇంట్లో పిల్లి ఉంటే దానికైతే ఈ మందు ప్రాణాంతకం.

మా వయసు వాళ్లకు ఒక మాట. ప్రొస్టేట్‌కు వాడినా, జుట్టుకు వాడినా ఫినాస్టరైడ్ వల్ల పీఎస్ఏ రక్తపరీక్ష అంకె దాదాపు సగానికి పడిపోతుంది. మందు సంగతి చెప్పకుండా పరీక్ష చేయిస్తే క్యాన్సరు అనుమానించాల్సిన అంకె కూడా మామూలుగా కనబడుతుంది.

ఆడవాళ్ల విషయంలో పూత మందుకు ముందు రక్తం శాతం, థైరాయిడ్ చూపించడం మేలు. డెంగీ, టైఫాయిడ్, కాన్పు తర్వాత రెండు మూడు నెలలకు గుప్పెళ్లకొద్దీ రాలే జుట్టు సాధారణంగా దానంతటదే తిరిగి వస్తుంది. గుండ్రంగా రూపాయి బిళ్లంత ఊడే పేనుకొరుకుడు మరో జబ్బు, దానికి చర్మ వైద్యుడి చికిత్స వేరే ఉంది. గురివింద గింజ అరగదీసి పూసే పాత అలవాటు మానండి. అది విషం.

ఆఫీసులో ఫైళ్లు తిప్పిన అలవాటు కొద్దీ చట్టం కూడా తీసి చూశాం. 1945 నాటి ఔషధ నియమావళిలో 106వ నియమం, షెడ్యూల్ జె ప్రకారం కొన్ని జబ్బులను నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదు. ఆ జాబితాలో బట్టతల పేరు ఉంది, కొత్త జుట్టు మొలవడమూ ఉంది. ఫినాస్టరైడ్ షెడ్యూల్ హెచ్ మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. నియమాలకు ఎనభై ఏళ్లు, గోడల మీద గ్యారంటీ ప్రకటనలకూ దాదాపు అంతే వయసు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జుట్టు నూనె, షాంపూల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి, చాలా మందుల మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది కనుక అమ్మకాలు ఇంకా పెరుగుతాయే గాని తగ్గవు.

మందుల డబ్బాలోని పత్రం చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటుంది. ఇంట్లో తెలుగు మాట్లాడి, బయట మరాఠీనో తమిళమో ఒడియానో కన్నడమో చదివే మనకు ఆ చిన్న అక్షరాలు ఏ లిపిలోనూ అందవు. సంఘాలు ప్రభుత్వాలకు అర్జీలు పెట్టుకోవచ్చు, అది ఎప్పటికి తెమిలేనో. మా చేతిలో ఉన్నది రక్తదాన శిబిరం ఫారం. ఫినాస్టరైడ్ చివరి మాత్ర తర్వాత నెల రోజులు, డ్యూటాస్టరైడ్ తర్వాత ఆరు నెలలు రక్తం ఇవ్వకూడదు, ఆ రక్తం గర్భవతికి ఎక్కవచ్చు కనుక. వచ్చే శిబిరం నుంచి "జుట్టుకు ఏమైనా మాత్ర వాడుతున్నారా" అన్న ప్రశ్నను తెలుగులో, మరాఠీలో ఫారం మీద అచ్చు వేయిస్తున్నాం. జవాబు మడిచి డబ్బాలో వేస్తే చాలు, పక్కవాడికి చూపించనక్కర్లేదు.