పలకని ‘ప’

‘సైకాలజీ’ని ఇంగ్లీషు అక్షరాల్లో చూసి ఎవరైనా ‘ప్సైకాలజీ’ అని చదివితే క్లాసంతా గొల్లుమంటుంది. నిజానికి గ్రీకులు ఆ ‘ప’ను పలికారు, ఇప్పటికీ పలుకుతారు. ఫ్రెంచివాళ్లు, జర్మన్లు కూడా వదల్లేదు. మాట మొదట్లో ‘ప్స’, ‘ప్న’, ‘ప్ట’ వస్తే నోరు తిరగనిది ఇంగ్లీషువాళ్లకు. ఆ మాటలు వాళ్ల ద్వారా వచ్చాయి కనుక వాళ్ల ఇబ్బందిని కూడా మనం వ్యాకరణంలా వల్లించాం. అప్సరస, లిప్స, జుగుప్స అని అవలీలగా అనే నోళ్లు మనవి!

అదే ‘ప’ మాట మధ్యలో ఉంటే ఇంగ్లీషులోనూ బతుకుతుంది. న్యుమోనియాలో మింగేసింది స్లీప్ ఆప్నియాలో వినిపిస్తుంది. హెలికాప్టర్‌నైతే అందరూ ‘హెలి’, ‘కాప్టర్’ అని విరుస్తారు. గ్రీకు విరుపు వేరు: ‘హెలికో’ అంటే మెలి, ‘ప్టెరాన్’ అంటే రెక్క. హెలిపాడ్ ఆ తప్పు విరుపు మీదే పుట్టింది. దాని మీద దిగినవాళ్లకు ఏ నష్టమూ లేదు.

థర్మామీటర్‌లోని ‘థ’ను నాలుక పళ్ల మధ్య పెట్టి ఊదాలని కాన్వెంటు చదువు చెబుతుంది. ప్రాచీన గ్రీకులో అది మన ఒత్తు ‘థ’కే దగ్గర. ‘థెర్మోస్’ అంటే వేడి, సంస్కృతంలోని ‘ఘర్మం’ దానికి తోబుట్టువు. (ఇలా అనగానే గ్రీకు సంస్కృతం నుంచే పుట్టిందని ఉత్తరాలు రాసేవారుంటారు. తోబుట్టువన్నాం, కూతురనలేదు.)

ఉచ్చారణ కంటే అర్థం దగ్గరే అసలు చిక్కు. ఆమ్లాలన్నిటికీ ఒకే వాయువు మూలమనుకుని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లెవోయిజర్ 18వ శతాబ్ది చివర్లో దానికి గ్రీకులో ‘ఆమ్లాన్ని పుట్టించేది’ అనే అర్థంతో ఆక్సిజన్ అని పేరు పెట్టాడు. 1810లో హంఫ్రీ డేవీ క్లోరిన్ మూలకమని తేల్చాడు. దాంతో హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ జాడే లేదని అర్థమైంది. అయినా పేరు నిలిచిపోయింది. మనవాళ్లు దాన్ని ధాతువుతో సహా ‘ఆమ్లజని’ అని తెలుగు చేసి, ఆ పొరపాటును పాఠ్యపుస్తకాల్లోకి భద్రంగా చేర్చారు. గ్రీకు జోలికి పోకుండా ‘ప్రాణవాయువు’ అన్నవారే నయం.

ఈ పత్రిక ‘సైకాలజీ’ అనే అచ్చువేస్తుంది. వాడుకను కాదని ‘ప్స’ను తగిలించడం చాదస్తం. కాకపోతే పల్లెటూరి బడి పిల్లాడు ‘ప’ పలికితే దాన్ని చదువురానితనంగా లెక్కగట్టడం మాకు నచ్చదు.

గ్రీకు మాటలకు మనమూ పేర్లు అతికించాం. ప్రాణహిత–గోదావరి లోయలో దొరికిన రాక్షసబల్లికి 1988లో శాస్త్రవేత్త యాదగిరి పెట్టిన పేరు ‘కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్’. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో దాని అస్థిపంజరం నిలబడి ఉంది. పిల్లల్ని తీసుకెళ్లే మాస్టార్లు ఆ పేరును ముక్కలు చేసి చూపితే చాలు: అది దొరికిన రాతి పొరలకు పేరిచ్చిన ఊరు కోటా, గ్రీకు బల్లి ‘సారస్’, మన యామన్‌పల్లి, చివర్న ‘అక్కడిది’ అని చెప్పే లాటిన్ ‘ఎన్సిస్’.