‘లో’కు ముందు ఏముంది?

భిన్నాల కూడికలు తప్పు లేకుండా చేసే పిల్లలు సైతం, అదే లెక్కను వాక్యాలలో ఇస్తే తడబడటం మనం చూస్తూనే ఉంటాము. లోపం గణనలో లేదు, సమీకరణం రాయడంలో ఉంది. అంబాజీపేట మార్కెట్టుకు కొబ్బరికాయలు తోలే ఒక ఇంటి లెక్క తీసుకుందాము.

దింపులో వచ్చిన కాయలలో మూడో వంతు అమ్మారు. మిగిలినవాటిలో నాలుగో వంతు ఇంటికి ఉంచారు. ఇంకా 600 ఉన్నాయి. మొత్తం ఎన్ని?

మొత్తాన్ని ‘క’ అనుకుంటే, చాలామంది క − క/3 − క/4 = 600 అని రాసి 1440 తేలుస్తారు. శేషం లేకుండా తెగింది కనుక అనుమానమూ రాదు. కాని నాలుగో వంతు తీసింది మొత్తంలో కాదు, మిగిలిన 2క/3లో, అది క/6. కనుక క − క/3 − క/6 = 600, అనగా క/2 = 600. దింపు 1200 కాయలు. సరిచూస్తే 400 పోగా 800, అందులో 200 పోగా 600. అదే 1440తో మొదలుపెడితే చివరకు 720 మిగులుతాయి.

వంతు దేనిదో తెలుగు వాక్యమే చెబుతుంది: ‘లో’కు ముందున్న మాట చూడాలి. ‘కాయలలో’, ‘మిగిలినవాటిలో’. ఆ మాట కింద గీత గీయించిన తరువాతే కలం కదలనివ్వండి.

ఆల్జీబ్రా పరీక్షలకే అనుకునే పిల్లలకు ఒక మాట. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ రచించిన గ్రంథం పేరులోని ‘అల్ జబ్ర్’ నుంచే ఆ పదం వచ్చింది. అందులో పెద్ద భాగం వసీయత్, వారసత్వ లెక్కలే. నిసా సూరా 11, 12 ఆయతులు వాటాలను అప్పు, వసీయత్ తీరిన తరువాతే లెక్కించమంటాయి.

ఒకరు 14 లక్షల ఆస్తి, 2 లక్షల అప్పు విడిచి మరణించారు. వారసులు కానివారికి మూడో వంతు వసీయత్ చేశారు. భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు ఉన్నారు; తల్లిదండ్రులు లేరు. అప్పు పోగా 12, వసీయత్ పోగా 8 లక్షలు. భార్యకు ఎనిమిదో వంతు, 1 లక్ష. మిగిలిన 7 లక్షలలో కూతురికి ‘క’, కొడుకుకు 2క: 7క = 7 లక్షలు. ఎనిమిదో వంతును 14 లక్షలలో లెక్కిస్తే భార్యకు 1,75,000 రాస్తాము. ఆ అదనపు 75,000 పిల్లల వాటాలనుంచే పోతుంది.

ఇప్పుడు పిల్లలకు: అప్పు, వసీయత్, వారసులు ఇవే, భార్యకు 1,50,000 వచ్చింది. మొత్తం ఆస్తి ఎంత? సమీకరణం (క − 2,00,000)తో మొదలవుతుంది.