కిటికీ పక్కన తెర

సంక్రాంతికి ఊరెళ్ళే ముందు వారం విజయవాడ ఆటోనగర్‌లో చూసినా, హైదరాబాద్‌లో కార్ డెకార్స్ దుకాణాల ముందు చూసినా సందడి ఒకటే. సీటు కవర్లకూ మ్యాట్లకూ వెనక కెమెరాలకూ వచ్చేవాళ్ళ మధ్య ఇప్పుడు ఇంకో కోరికతో వచ్చేవాళ్ళు కూడా కనిపిస్తున్నారు. ముందు సీట్ల హెడ్‌రెస్టుల వెనక చెరొక తెర బిగించమంటారు. వెనక కూర్చున్న పిల్లలు దారి పొడవునా బొమ్మల సినిమాలు చూసుకుంటారు, ముందున్న పెద్దలకు ప్రాణం హాయిగా ఉంటుంది. అలా అడిగేవాళ్ళను తప్పు పట్టబుద్ధి కాదు. హైదరాబాద్ నుంచి శ్రీకాకుళం దాదాపు 700 కిలోమీటర్లు. పండగ ముందు పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన కార్లలో నాలుగేళ్ళ బిడ్డను ఊరుకోబెట్టడం ఎంత కష్టమో ఆ తల్లికే తెలుసు. తనే బండి నడుపుతూ ఇద్దరు పిల్లలను అమ్మమ్మగారింటికి తీసుకెళ్ళే ఆమెకు ఆ తెర పెద్ద ఆసరా. కొత్త చోటికి, కొత్త చప్పుళ్ళకు బెదిరిపోయే ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి అలవాటైన పాట కళ్ళెదుట ఉంటే తప్ప ప్రయాణం సాగదు. ఈ అవసరాలన్నీ నిజమైనవే. అయినా, బిగించే ముందు కాస్త ఆగి ఆలోచించుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

ప్రయాణంలో సినిమా మనకు కొత్తేమీ కాదు. వీడియో కోచ్ బస్సులు ఎక్కిన తరం ఇంకా మన మధ్యనే ఉంది. డ్రైవరు వెనక అడ్డుగోడకు పైన ఒక పెట్టెలో టీవీ, దాని పక్కన వీసీఆర్. క్లీనరు ఏ క్యాసెట్ పెడితే అదే అందరికీ సినిమా. నిద్ర పట్టని పెద్దాయన సౌండు తగ్గించమనేవాడు, వెనక నుంచి ఎవరో పెంచమనేవారు, క్లైమాక్స్ రాకముందే కొందరికి దిగే ఊరు వచ్చేసేది. ఆ వినోదం తర్వాత సొంత బండిలోకి చేరింది. అమెరికాలో 1999లో ఓల్డ్స్‌మొబైల్ సంస్థ సిల్హౌట్ అనే మినీవ్యాన్‌లో క్యాసెట్ ప్లేయర్‌నూ, పైకప్పు నుంచి కిందికి దిగే తెరనూ కంపెనీలోనే అమర్చి అమ్మింది. మన దేశంలో 2020 ఫిబ్రవరిలో విడుదలైన కియా కార్నివాల్ ఖరీదైన మోడల్లో వెనకవాళ్ళ కోసం 10.1 అంగుళాల తెరలు రెండు ఇచ్చారు. ఆ బండి కూర్పు జరిగింది మన పెనుకొండ దగ్గరి కర్మాగారంలోనే. ఇప్పుడైతే అంత ఖరీదు పెట్టనక్కర్లేదు, హెడ్‌రెస్టు కడ్డీలకు తగిలించే ఆండ్రాయిడ్ తెరలు చిన్న కార్లకూ దొరుకుతున్నాయి. ఇన్నేళ్ళలో బొమ్మ స్పష్టత ఎంత పెరిగిందన్నది అలా ఉంచితే, మనం గమనించవలసిన మార్పు ఇంకొకటుంది. ఒకప్పుడు బస్సంతటికీ ఒకే టీవీ. తర్వాత కారుకొక తెర. ఇప్పుడు తలకొక తెర, దానికి తోడు చెవులకు హెడ్‌ఫోన్లు.

ముందు బిగింపు సంగతి. ఆ పని దగ్గరుండి చేయించుకోవడం మంచిది. చేయి తిరిగిన ఎలక్ట్రీషియన్ మొదట డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజుల పెట్టె తెరుస్తాడు. తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే లైను ఏదో టెస్టర్ పెట్టి చూసుకుంటాడు. అక్కడి నుంచి విడిగా ఒక ఫ్యూజు వేసి 12 వోల్టుల సప్లై తీసుకుంటాడు. తొందర మనిషి నేరుగా బ్యాటరీ నుంచే ఇచ్చేస్తాడు. అప్పుడు బండి ఆపి తాళం తీశాక కూడా ఆ తెర కొద్దికొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటుంది, నాలుగు రోజులు కదపకుండా ఉంచితే బండి స్టార్ట్ కాకపోవచ్చు. తర్వాత తలుపు గడప దగ్గరి ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి, కార్పెట్ కిందుగా వైరును సీటు దాకా లాగుతారు. సీటు ముందుకూ వెనక్కూ జరిగే పట్టాల దగ్గర అసలు జాగ్రత్త కావాలి. అక్కడ వైరుకు తగినంత వదులిచ్చి, పైన తొడుగు వేసి కట్టకపోతే సీటు జరిపినప్పుడల్లా ఒరుసుకుంటుంది. పైపొర అరిగిపోయి లోపలి రాగి తీగ ఇనప పట్టాకు తగిలిందంటే షార్ట్ సర్క్యూటే. పైకప్పుకు బిగించే తెర అయితే వైరు కిటికీల పై అంచు వెంట పోవాలి. కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న బండ్లలో అవి మడిచి పెట్టి ఉండేది సరిగ్గా అక్కడే. వాటికి అడ్డంగా వైరు కట్టినా, ఆ చోట స్క్రూ దించినా, ప్రమాదం జరిగినప్పుడు బ్యాగు విచ్చుకోవలసినట్టు విచ్చుకోకపోవచ్చు. ‘వైరు కొయ్యం సార్, కప్లర్ టు కప్లరే’ అని దుకాణాల్లో చెప్పే మాటకూ విలువ ఉంది. కంపెనీ వైరింగును కోస్తే తర్వాత వారంటీ దగ్గర పేచీ వస్తుంది.

తెర ఎక్కడ ఉండాలన్నది కూడా చిన్న విషయం కాదు. పైకప్పు నుంచి దిగే తెర లోపలి అద్దంలో డ్రైవరుకు వెనక దారి కనపడకుండా చేస్తుంది, రాత్రిపూట దాని వెలుతురు అద్దంలో పడి కళ్ళకు అడ్డొస్తుంది. హెడ్‌రెస్టు వెనక భాగం మెత్తగా ఉండేది బ్రేకు పడినప్పుడు వెనకవాళ్ళ తల దానికి తగిలే వీలుంది కనుక. ఆ చోటే గాజు తెర పెడుతున్నప్పుడు పిల్లలకు సీటు బెల్టు ఉండి తీరాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలను బెల్టుతో గానీ పిల్లల సీటుతో గానీ భద్రంగా కూర్చోబెట్టకపోతే 1000 రూపాయల జరిమానా. 2022 సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర సైరస్ మిస్త్రీ మరణించినప్పుడు, వెనక కూర్చున్న ఆయన బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఆ వార్తకు దేశమంతా ఉలిక్కిపడింది. వెనక సీట్లో బెల్టు ఎందుకులే అన్న మన ధీమా మాత్రం ఇంకా పోలేదు. తెర దగ్గరగా చూడాలని బెల్టు విప్పి ముందుకు వంగే పిల్లవాడిని మందలించవలసింది పెద్దవాళ్ళే, బండి కదలకముందే.

ఇక వాంతుల సంగతి. బండి కదులుతోందని లోపలి చెవి మెదడుకు చెబుతుంది. తెరకు అతుక్కున్న కన్నేమో అంతా నిలకడగా ఉందంటుంది. రెండింటికీ పొసగక కడుపులో తిప్పుతుంది. 2 నుంచి 12 ఏళ్ళ పిల్లల్లో ఈ బాధ ఎక్కువ. మన నాయనమ్మలు ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు పిల్లల ముక్కుకు నిమ్మకాయ ఆనించి, ఎండు ఉసిరి ముక్క బుగ్గన పెట్టి, ‘దూరంగా ఆ కొండకేసి చూడు నాన్నా’ అనేవారు. కొండకేసి చూస్తే కన్నూ చెవీ ఒకే మాట చెబుతాయి. అరకు దారిలోనో తిరుమల దారిలోనో తెర ఆపెయ్యడం ఒక్కటే మందు.

ఇవన్నీ జాగ్రత్తగా చూసుకుంటే తీరే చిక్కులు. దుకాణంవాడికి చెప్పి సరిచేయించలేనిది ఇంకొకటుంది.

65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా ఒకసారి పిల్లల కళ్ళతో వెళ్ళి చూద్దాం. నగరంలో నయాపూల్ కింద పారే మూసీయే సూర్యాపేటకు ముందు ఇంకో వంతెన కింద మళ్ళీ ఎదురవుతుంది. మనం పట్నంలో వదిలేసిన మురికంతా మోసుకుంటూ వాడపల్లి దగ్గర కృష్ణలో కలవడానికి పోతుంటుంది. ఆ మాట చెబితే ‘మరి అక్కడి వాళ్ళు ఆ నీళ్ళే వాడతారా’ అని పిల్ల అడుగుతుంది, మనం జవాబు వెతుక్కోవలసి వస్తుంది. నల్లగొండ పొలాల గట్ల మీద తాటిచెట్లు. నడుముకు మోకు బిగించి గీత కార్మికుడు అంత ఎత్తుకు ఎక్కుతుంటే చూసిన పిల్లవాడికి ఆ పనిలోని ప్రమాదం ఎవరూ వివరించనక్కర్లేదు. సూర్యాపేట దాటితే దురాజ్‌పల్లి గుట్ట. రెండేళ్ళకోసారి పెద్దగట్టు లింగమంతుల జాతర జరిగేది అక్కడే, ఆ రోజుల్లో ఇంత పెద్ద రహదారీ జనానికి దారిచ్చి పక్కకు తప్పుకుంటుంది. కోదాడ దాటాక రాష్ట్రం మారుతుంది, బోర్డులు మారతాయి, భాష మారదు. కీసర దగ్గర మున్నేరు వేసవిలో ఇసుక మేటలతో సన్నగా పారుతుంటుంది. అదే ఏరు 2023 జులైలో ఐతవరం దగ్గర ఈ రోడ్డెక్కి రాకపోకలు ఆపేసింది. ఇబ్రహీంపట్నం వచ్చేసరికి థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి, మన ఇళ్ళలో దీపాలు వెలగడానికి బొగ్గు కాలేది అక్కడే. అక్కడ ఎడమకు తిరిగితే కాస్త దూరంలో కొండపల్లి. తెల్ల పొణికి చెక్కను చెక్కి, అతికించి, రంగులు దిద్ది దశావతారాలనూ అంబారీ ఏనుగునూ తయారుచేసే ఊరు. ఆ ఊరి పక్క నుంచే పోతున్న పిల్లల చూపు ఏ దేశంలోనో గీసిన బొమ్మల మీద ఉండిపోతే, ఆ నష్టం పిల్లలది మాత్రమే కాదు.

దారి చూపించడం కంటే పెద్ద పని ఇంకొకటి కారులో జరుగుతుంది. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుంటే నోరు పెగలని తండ్రి, చూపు రోడ్డు మీద పెట్టి, ‘ఇదిగో, ఈ అడ్డరోడ్డు దగ్గరే మీ తాత బస్సు దిగి ఊళ్ళోకి నడిచేవాడు’ అంటూ మొదలుపెడతాడు. తాత చేసిన అప్పు, అమ్ముకున్న చెక్క పొలం, చదువు కోసం పట్నం వచ్చిన తొలిరోజు, అన్నీ అలా ఒక్కొక్కటే బయటికొస్తాయి. పిల్లలూ అంతే. ముఖం చూస్తూ చెప్పలేని సంగతులు, బళ్ళో ఎవరో ఏడిపించారనో, లెక్కలంటే భయమనో, వెనక సీట్లోంచి ముందు సీటు వీపుకు చెప్పడం వాళ్ళకు సులువు. అందరం ఒకే దిక్కుకు చూస్తూ, లేచి వెళ్ళే వీలు లేకుండా, గంటల తరబడి కలిసి కూర్చునే చోటు మన ఇళ్ళలో ఇప్పుడు ఇంకొకటి మిగల్లేదు. భోజనాల దగ్గరికి ఫోన్లు ఎప్పుడో వచ్చేశాయి. ఈ ఒక్క చోటూ హెడ్‌ఫోన్లకు అప్పగించాలంటే మనసొప్పడం లేదు.

సముద్రాల అవతల ఉన్న తెలుగువాళ్ళకు ఈ లోటు ఇంకా పెద్దది. న్యూజెర్సీ నుంచి పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరుని గుడికి ఆరు గంటల దారి. ఒడిస్సీ, సియెన్నా వంటి మినీవ్యాన్లలో వెనక తెరలు ఏనాడో మామూలయ్యాయి. ఇక్కడి నుంచి వీసా మీద వెళ్ళిన అమ్మమ్మ పక్క సీట్లో కూర్చుని ఉంటుంది. బళ్ళోనూ ఆటల్లోనూ రోజంతా ఇంగ్లిషే మాట్లాడే మనవరాలికి తెలుగు మాట్లాడక తప్పని ఆరు గంటలు అవి. అమ్మమ్మ ఉండేది ఆరు నెలలు. ఆ గంటలు హెడ్‌ఫోన్ల కింద గడిచిపోతే తర్వాత ఏ వారాంతపు తెలుగు బడీ వాటిని పూడ్చలేదు.

కనుక తెర వద్దే వద్దని అనడం లేదు. పొద్దుగూకి కిటికీ బయట ఏమీ కనపడనప్పుడు, ట్రాఫిక్‌లో బండి కదలనప్పుడు, పసివాడు ఏడుపు ఆపనప్పుడు అది పనికొస్తుంది. రెండేళ్ళలోపు బిడ్డకు మాత్రం అప్పుడూ తెర కంటే పక్కన కూర్చున్నవాళ్ళ పలకరింపే మేలు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2 నుంచి 4 ఏళ్ళ పిల్లలకు తెర ముందు కాలం రోజుకు గంట మించకూడదంది. శ్రీకాకుళం ప్రయాణంలో ఆ గంటను ఎక్కడ ఖర్చు పెట్టాలో ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే పిల్లలతో మాట్లాడి ఖాయం చేసుకోవచ్చు. ఏలూరు దాటాక అని చెబితే ఏలూరు ఎప్పుడొస్తుందా అని వాళ్ళే బోర్డులు చదువుతారు. హెడ్‌ఫోన్లు మాత్రం పెట్టెలోనే ఉండనివ్వాలి. సౌండు చిన్నగా కారు స్పీకర్లలో వస్తే ముందు కూర్చున్న అమ్మా ఆ కథ వింటుంది, తనకు తెలిసిన కథ అయితే మధ్యలో అందుకుంటుంది. ఏ సినిమా పెట్టాలన్నది వంతులవారీగా తేల్చుకోవాలి, ఆ వంతుల్లో తాతయ్యకూ ఒకటి ఉండాలి. ఆయన పెట్టించే పాత జానపద సినిమాకు పిల్లలు మొదట మూతి ముడుస్తారు, కత్తి యుద్ధం రాగానే సర్దుకుంటారు. వంతు కోసం కాస్త పోట్లాట తప్పదు, అది ఉండవలసిందే. దానికి ఇద్దరు పిల్లల మధ్య ఒకటే తెర చాలు, దుకాణంలో ఆర్డరు ఇచ్చేటప్పుడే రెండోది వద్దని చెప్పవచ్చు.