పాట అయ్యేలోపు ఛాంపియన్ అయిపోతామా?

సెమిస్టర్ పరీక్షలు అయిపోయిన రాత్రి. మేడ్చల్ దగ్గర హాస్టల్ గదిలో నలుగురం కలిసి ల్యాప్‌టాప్‌లో ఓ ఫైటింగ్ సినిమా పెట్టుకున్నాం. పేరు ఇప్పుడు గుర్తులేదు గానీ కథ మొత్తం చెప్పగలను. అన్నను రింగులో ఎవరో చావబాదుతారు. తమ్ముడికి అప్పటిదాకా పిడికిలి బిగించడం కూడా రాదు. ఎక్కడో కొండ మీద ముసలి గురువు దొరుకుతాడు. ఒక పాట వస్తుంది. పాట అయ్యేసరికి తమ్ముడు ఫైనల్లో ఉంటాడు! మీరూ ఇలాంటివి పది చూసే ఉంటారు.

వీటిని విమర్శిస్తే వచ్చే మొదటి జవాబు, 'పాపం, బడ్జెట్ లేదు కదా' అని. నేను ఒప్పుకోను. 1973లో వచ్చిన 'ఎంటర్ ది డ్రాగన్' కూడా టోర్నమెంట్ కథే. ఖర్చు సుమారు 8.5 లక్షల డాలర్లు. హాలీవుడ్ లెక్కలో అప్పటికీ అది చిన్న మొత్తమే. బ్రూస్ లీ ఏళ్ల తరబడి నేర్చిన విద్య తెర మీద కనిపించింది కాబట్టి ఆ సినిమా నిలిచింది. అదే 2022లో మన 'లైగర్' చూడండి. డబ్బుకు కొదవలేదు, మైక్ టైసన్‌నే తెచ్చారు. అయినా బోల్తా కొట్టింది. కాబట్టి అసలు లోపం ఎక్కడుందో వేరేచోట వెతకాలి.

మొదటి లోపం, కాలాన్ని మింగేయడం. 'తమ్ముడు' (1999)లో కిక్ బాక్సింగ్ శిక్షణ పాట మనకు ఇప్పటికీ గుర్తే. అయితే అందులో పాట కన్నా ముందు అన్నదమ్ముల కథ ఉంది. 'అమ్మ నాన్న ఓ తమిళమ్మాయి' (2003)లో తండ్రీకొడుకుల గొడవ ఉంది. వాటిని చూసి తీసే చిన్న సినిమాలు పాటను పట్టుకుని మనుషుల్ని వదిలేస్తున్నాయి. ప్రత్యర్థికి దేశం పేరు, గుండు తప్ప ఇంకేమీ ఉండదు. అలాంటివాణ్ని ఓడిస్తే మనకేం అనిపిస్తుంది?

నిజం ఎలా ఉంటుందో చూడటానికి దూరం పోనక్కర్లేదు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2011లో జూనియర్ ప్రపంచ టైటిల్ గెలిచింది. సీనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది 2022లో, ఇస్తాంబుల్‌లో. మధ్యలో పదకొండేళ్లు! 2017లో భుజానికి గాయం. 52 కిలోల విభాగంలో గెలిచాక, ఒలింపిక్స్ కోసం 50 కిలోలకు దిగాల్సి వచ్చింది. 2023లో మళ్లీ ప్రపంచ టైటిల్. 2024 పారిస్‌లో మాత్రం, తర్వాత స్వర్ణం గెలిచిన చైనా బాక్సర్ వు యు చేతిలో ప్రిక్వార్టర్స్‌లోనే ఓటమి. ఆ ఏడాదే మన రాష్ట్ర పోలీసు శాఖలో డీఎస్పీ ఉద్యోగం. రెండు కిలోలు తగ్గడానికి పడే కష్టమే ఒక సినిమాకు సరిపడా కథ. దానికి గ్రాఫిక్స్ అక్కర్లేదు, ఓ తూకం మిషన్, మంచి నటి ఉంటే చాలు.

అల్వాల్ నుంచి రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట వస్తుంటే హకీంపేటలో రాష్ట్ర క్రీడా పాఠశాల కనిపిస్తుంది. అక్కడ పిల్లల్ని నాలుగో తరగతిలోనే పరీక్షలు పెట్టి ఎంపిక చేసుకుంటారు. మన ఊరి పక్కనే రోజూ తెల్లవారుజామున ఇంత కథ జరుగుతుంటే, గురువును వెతుక్కుంటూ కొండలెక్కడం దేనికి?

రెండో లోపం ఉద్యోగాలు వెతికే మనకు నేరుగా తగిలేది. ఈ సినిమాల్లో టోర్నమెంట్ ఎవరు పెట్టారో, ఏ సంఘం గుర్తించిందో ఎవరూ అడగరు. ఆహ్వానం వస్తే చాలు, హీరో బయల్దేరతాడు. బయట మాత్రం అదే మొదటి ప్రశ్న. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాలో జాతీయ, అంతర్జాతీయ పోటీల్లో రాష్ట్రానికో దేశానికో, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో వర్సిటీకో ఆడి ఉండాలి. సర్టిఫికెట్ మీద సంబంధిత సమాఖ్య, సంఘం లేదా వర్సిటీ క్రీడాధికారి సంతకం ఉండాలి. ఎంట్రీ ఫీజు కట్టినవాళ్లందరికీ పతకం ఇచ్చే ఓపెన్ టోర్నమెంట్ కాగితం అక్కడ పనికిరాదు. మా బ్యాచ్‌లో ఒకడు అలాంటి కప్పులు మూడు పోగేశాడు. ఫైలు పట్టుకుని వెళ్లాకే తెలిసింది. కాబట్టి ఫీజు కట్టే ముందే అడగండి: ఈ పోటీ ఎవరిది, సర్టిఫికెట్ ఎక్కడ చెల్లుతుంది?

సినిమాలు చూడొద్దని చెప్పడం లేదు. నేనూ చూస్తాను, విజిల్ కూడా వేస్తాను. షార్ట్ ఫిలిం తీయాలని ఉన్నవాళ్లు మనలోనే బోలెడుమంది. ఈసారి ఫైటింగ్ కథ రాస్తే, ఆ పాట తీసేసి దాని స్థానంలో హీరో ఓడిపోయిన మూడు మ్యాచులు పెట్టి చూడండి. ఖర్చు కూడా తగ్గుతుంది.