నీరు ప్రభుత్వముది, రుజువు రోగిదా?

ఫ్లోరైడు అనగానే నల్లగొండ పేరు చెప్పి ఊరకుండుట మనకు వాడుకయైనది. ఆ జిల్లా బాధను మేము తక్కువ చేయము. కాని కేంద్ర భూగర్భజల మండలి ప్రకటించిన ఫ్లోరైడు జిల్లాల పట్టికలో పూర్వపు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాల పేర్లును కలవు. రోగమునకు ఒక జిల్లా పేరు బిరుదైనంత మాత్రమున తక్కిన జిల్లాల రోగులు రోగులు కాకపోవుదురా?

ఇది క్రొత్తగా తెలిసిన సంగతి కాదు. మద్రాసు రాజధానిలోని పల్లెల యందు ఈ వ్యాధిని కనుగొని, షార్టు మొదలగు వైద్యులు 1937లోనే లోకమునకు తెలిపిరి. రాతిపొరలలోని ఫ్లోరైడు భూగర్భజలమున కరగును. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణముల సంస్థ నిర్ణయము. మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగిన పిల్లల పండ్లు గారలు పట్టును. పెద్దల మెడ, నడుము బిగిసికొనిపోవును. కొందరి కాళ్లు వంకరలు తిరుగును. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ పల్లెలకు నదీజలమును తెచ్చినది. సంతోషమే. కాని క్రొత్త నీరు పాత యెముకను సరిచేయజాలదు. కుళాయి వచ్చినదని పాతబాకీ చెల్లినట్లగునా?

ఆ బాకీ అడుగబోయిన రోగికి జరుగునదేమి? 2023లో 4,016 రూపాయలకు పెంచబడిన వికలాంగుల పింఛను పొందుటకు నూటికి 40 పాళ్ల వైకల్యమున్నదని వైద్యుల ధ్రువపత్రము కావలయును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమున 21 వైకల్యములు చెప్పబడినవి. యాసిడు దాడికి గురియైనవారికి అందు పేరున్నది, న్యాయమే. ఫ్లోరోసిస్‌కు పేరు లేదు. కాలు వంకరపోయినవాడు చలనవైకల్యము క్రింద చేరవచ్చును. నాట్లకు వంగలేక కూలి పోగొట్టుకొనిన స్త్రీ 40 పాళ్లకు చేరకున్నచో, ఆమె నొప్పికి లెక్కయే లేదు.

అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రమున లెజూన్ అను సైనిక శిబిరము కలదు. 1953 మొదలు 1987 వరకు అచటి నీటిలో విషరసాయనములు కలిసియుండెను. వ్యాధిగ్రస్తులైన మాజీ సైనికులు చిరకాలము పోరాడిరి. తుదకు 2017లో నియమ మేర్పడెను: ఆ కాలమున 30 దినములు అచట సేవ చేసినవానికి, పేర్కొన్న ఎనిమిది వ్యాధులలో నొకటి వచ్చినయెడల, అది ఆ నీటివలననే వచ్చినదని ప్రభుత్వమే యెంచవలయును. రుజువు భారము రోగి తలనుండి దిగినది.

సైనికుడు ఆజ్ఞకు లోబడి ఆ నీరు త్రాగెను, పల్లెవాడు తన యిష్టముచే త్రాగె నని కొంద రందురు. ఊరి నడుమ చేతిపంపు పాతించిన దెవరు? వేరొక నీరు చూపిన దెవరు? దొంగ అర్జీలు వచ్చునని మరికొంద రందురు. ఏ బోరులో ఎంత ఫ్లోరైడున్నదో ప్రభుత్వపు పరీక్షా పత్రములే చెప్పును. ఎవ రే యూర కాపురముండిరో రేషను కార్డు చెప్పును. ముంజేతి ఎక్స్‌రే యెముకల స్థితిని చెప్పును. ఇన్ని సాక్ష్యములు దొరతనము చేతిలో నుండగా, బిగిసిన నడుముతో రోగి కచ్చేరీ మెట్లెక్కి సాక్ష్యము వెదకవలయునా?

మేము కోరునది దయ కాదు. ఫ్లోరైడు మించినదని రికార్డున నున్న ప్రతి గ్రామమునకు వైద్యులే పోవలయును. ఆ నీరు త్రాగినవారి వ్యాధిని నీటివలనిదిగనే యెంచవలయును. 40 పాళ్ల కొలబద్ద వారికి అడ్డుగోడ కాకూడదు. చదువరులారా, మీ యూరి పాత బోరు నీటి పరీక్షా ఫలితమును సమాచారహక్కు చట్టము క్రింద అడిగి తెచ్చి, పంచాయతీ గోడకు అంటింపుడు. నీరు పోసిన చేయియే లెక్కయు చెప్పవలయును.