అల్లుడడిగిన గిలక్కాయ

సంక్రాంతికి కొత్త అల్లుడు అలగడం మన ఇళ్ళలో కొత్త కాదు. మా మేనమామ సైకిలుకు అలిగాడట. మా తోడల్లుడు చేతి గడియారానికి అలిగాడు. నేను దేనికీ అలగలేదు. అలిగినా ఇచ్చే శక్తి మా మామగారికి లేదని ముందే తెలుసు. ఇప్పుడు నలభై తొమ్మిదో ఏట నేనూ మామగారినయ్యాను. హుబ్బళ్ళిలో గుమాస్తాగిరీ చేసుకొనే మామగారు ఎంతవరకు తూగగలడో మా అల్లుడికీ తెలుసును. అందుకే కాబోలు, డిసెంబరులో ఫోను చేసి, "మామయ్యగారూ, బట్టలూ వద్దు, ఉంగరమూ వద్దు. ఇవ్వదలిస్తే ఒక గిలక్కాయ కొనిపెట్టండి" అన్నాడు.

ఈ మాట మా ఆవిడ చెవిని పడింది. "గిలక్కాయా! ఏమండీ, అమ్మాయికి ఎన్నో నెలట?" అంటూ వంటింట్లోనుంచి పరుగెత్తుకొచ్చింది. పక్కింటి కన్నడం వారి అమ్మగారికి ఈ "గిలకి" కబురు గోడమీదుగానే చేరిపోయింది. సాయంకాలానికి ఆవిడ చక్కెర తెచ్చి మా చేతుల్లో పోసింది. తీరా విచారిస్తే అది పసిపిల్లల గిలక్కాయ కాదు. సముద్రంలో మునిగి తిరిగేవారు ఒకరినొకరు పిలుచుకొనేదట. చక్కెర మాత్రం తినేశాం.

మా అమ్మాయీ అల్లుడూ బెంగుళూరులో ఉద్యోగాలు చేస్తున్నారు. సెలవు దొరికితే సినిమాకో గుడికో పోక, వాళ్ళు స్కూబా అనే విద్య నేర్చుకొన్నారు. వీపున గాలి సిలిండరు, నోట గాలి గొట్టం, కాళ్ళకు రబ్బరు రెక్కలు, ఇదీ వేషం. మురుడేశ్వరం నుంచి పడవలో 19 కిలోమీటర్ల దాకా పోతే నేత్రాణి అనే దీవి వస్తుంది. వానకారు వెళ్ళాక అక్కడ నీరు తేటపడుతుంది. అక్కడ మునుగుతారు. ఒంటరిగా మునగరాదన్నది ఈ విద్యలో తొలి పాఠం. ఇద్దరిద్దరుగా జంటకట్టి దిగాలి. ఆ జతగాణ్ణి వాళ్ళు "బడ్డీ" అంటారు. మనకు బడ్డీ అంటే కిళ్ళీ కొట్టే కాని, వాళ్ళకు అది ప్రాణం అప్పజెప్పిన మనిషి.

గిలక్కాయ ఎందుకు కావలసి వచ్చిందో తరువాత అమ్మాయి నోట బయటపడింది. నవంబరులో నేత్రాణి దగ్గర 12 మీటర్ల లోతున ఇద్దరూ ఈదుతున్నారు. అమ్మాయి ముందు, అతడు వెనుక. ఎవరి గాలానిదో తెగిన దారం ఒకటి రాళ్ళలో చిక్కుకొని వున్నది. అది అతడి కాలి రెక్కకు చుట్టుకొంది. లాగినకొద్దీ బిగిసింది. కేక వేద్దామంటే నోట గొట్టం, వచ్చినవి బుడగలే. అరచేత్తో సిలిండరు మీద కొట్టాడు. అది ఎవరికి వినబడుతుంది? అమ్మాయి చేపల గుంపును చూస్తూ ముందుకు పోయింది. కొంతసేపటికి వెనుదిరిగితే అతడు లేడు.

జంట తప్పితే ఒక్క నిముషం వెదకి, కనబడకపోతే మెల్లగా పైకి వెళ్ళి అక్కడ కలుసుకోవాలని వాళ్ళకు నేర్పుతారు. "ఆ నిముషంలో గడియారం చూడడానికి భయం వేసింది నాన్నా" అంది అమ్మాయి. నిముషం నిండకముందే ఒక రాతి వెనుకనుంచి లేస్తున్న బుడగలు కంటబడ్డాయి. వెళ్ళి చూస్తే అతడు పెనుగులాట మాని, ఊపిరి నిదానంగా తీసుకొంటూ ఆగి వున్నాడు. ఇద్దరూ కలిసి దారం విప్పుకొని పైకి వచ్చారు.

ఈ సంగతి మాకు నెల దాకా చెప్పలేదు. విన్న రాత్రి మా ఆవిడ నిద్రపోలేదు. "మానిపించండి" అంది. మానమంటే మానే ఈడా వాళ్ళది? మానిపించలేనప్పుడు, ఆ గిలక్కాయ ఏదో సరైనది చూచి కొనడమే నా చేతిలో పని అనుకొన్నాను.

ముందు నాకొక సందేహం వచ్చింది. నీళ్ళలో చప్పుడు వినబడుతుందా అని. వినబడడమేమిటి, గాలిలో కన్నా వేగంగా పోతుందట. 1826లో కొలడాన్, స్టర్మ్ అనే ఇద్దరు జెనీవా సరస్సులో ఈ సంగతి కొలిచారు. ఒక పడవనుంచి నీళ్ళలోకి గంట వేలాడదీసి కొట్టారు. కొట్టిన క్షణానే పైన తుపాకిమందు వెలిగించారు. 13 కిలోమీటర్లకు పైబడిన దూరాన మరొక పడవలో, నీళ్ళలోకి దించిన బాకా వంటి గొట్టానికి చెవి ఆనించి, మంట కనబడ్డాక చప్పుడు ఎంతసేపటికి వచ్చిందో లెక్క కట్టారు. సెకనుకు 1,435 మీటర్లు తేలింది. సముద్రపు నీటిలో దాదాపు 1,500. గాలిలోనో, 340 చిల్లర మాత్రమే.

మంచిదే కదా అనుకొన్నాను. కాని చిక్కంతా ఆ వేగంలోనే వున్నది. బజారులో వెనుకనుంచి సైకిలు గంట మోగితే, కుడిపక్కనో ఎడమపక్కనో మనకు చూడకుండానే తెలుస్తుంది. చప్పుడు ఒక చెవికి ముందూ, రెండో చెవికి రవంత వెనుకా చేరుతుంది. ఆ తేడాను బట్టి మనసు దిక్కు పోల్చుకొంటుంది. నీళ్ళలో చప్పుడు నాలుగింతలకు మించిన వేగంతో వచ్చి పడేసరికి ఆ తేడా మరీ సన్నగిలిపోతుంది. పైగా పుర్రె ఎముకల గుండా కూడా వినబడుతుంది. అన్ని వైపులనుంచీ వచ్చినట్లే వుంటుంది. అంటే చప్పుడు "చూడు" అని చెప్పగలదు కాని, "ఇటు చూడు" అని చెప్పలేదు.

ఇంత తెలుసుకొని, సెలవు పెట్టి బెంగుళూరు వెళ్ళాను. అల్లుడు ఈ సామాను అమ్మే దుకాణానికి తీసుకుపోయాడు. ఆఫీసులో టెండర్లు సరిచూచే అలవాటు కొద్దీ కాగితం తీసి మూడు గళ్ళు గీశాను. చెయ్యి అందుతుందా? జతగాడికి తెలుస్తుందా? ఏ వేళ మొరాయిస్తుంది?

మొదటిది మన గిలక్కాయ. లోహపు గొట్టంలో ఉక్కు గుండ్లు. ఊపితే గలగలలాడుతుంది. ఒక్క చెయ్యి చాలు. వెల తక్కువ, చెడిపోయేదీ తక్కువే. అయితే వదులుగా వేలాడదీస్తే ఈదుతున్నంతసేపూ అదే మోగుతుంటుంది. కదలకుండా తగిలించుకోవాలి.

రెండవది సిలిండరు చుట్టూ తొడిగే సాగే పట్టీ, దానికొక గట్టి బంతి. లాగి వదిలితే సిలిండరుకు తగిలి టంగుమంటుంది. పారేసుకొనే భయం లేదు. కాని బంతి వీపు వెనుక వుంటుంది. పొట్టి చేతులవారికీ, మందపాటి రబ్బరు దుస్తులు వేసుకొన్నవారికీ అందకపోవచ్చు. మా అమ్మాయికి అందలేదు.

మూడవది లోహపు పుల్ల. సిలిండరును తట్టవచ్చు, దేనినైనా చూపనూ వచ్చు. కాని చేతిలో పుల్ల వుంటే పగడపు దిబ్బనో, రాతి సందులోని జీవాన్నో పొడవాలనిపిస్తుంది. చిన్నప్పుడు తొండలను వేధించినవారికి ఇది ఇవ్వరాదు.

నాలుగవది హారను. సిలిండరునుంచి వచ్చే గాలి గొట్టానికి అతికిస్తారు. మీట నొక్కితే బాతులా అరుస్తుంది. నీటి పైన కూడా మోగేవి వున్నాయి. అన్నింటిలోకీ గొంతు పెద్దది, వెలా పెద్దదే. కొట్టువాడు దీన్నే కొనమన్నాడు. నేను మూడో గడి చూపించి, "సిలిండరులో గాలి అయిపోతే?" అన్నాను. "అప్పుడు మోగదు సార్" అన్నాడు. పిలవవలసిన వేళల్లో ముఖ్యమైనది అదే కదా! హారను వున్నవారి దగ్గర కూడా గాలితో పని లేనిది మరొకటి వుండాలని రాసుకొన్నాను.

ఐదవది టార్చి. చప్పుడు చెప్పలేని దిక్కు ఇది చెబుతుంది. చీకటిలో దీన్ని మించినది లేదు. వెలుగును గుండ్రంగా తిప్పితే బాగున్నానని. అటూ ఇటూ గబగబ ఊపితే ఆపద, ఇటు చూడమని. పట్టపగలు తేట నీటిలో వెలుగు వెలవెలపోతుంది. జతగాడు వీపు తిప్పి వుంటే అసలే కానరాదు. ముఖం మీద మాత్రం వెయ్యరాదు.

బురద నీటిలో ఇద్దరి మధ్యా పొట్టి తాడు పట్టుకోవడమూ వున్నదట. ఇది పాత పద్ధతే. మన్నారు సింధుశాఖలో ముత్యపు చిప్పల కోసం మునిగేవారు రాతి బరువుతో దిగి, తాడు గుంజితే పడవమీదివారు పైకి లాగేవారు. యంత్రం లేకపోయినా గుంజుకు అర్థం ఒక్కటే. పైవాడి చెయ్యి తాడు వదిలేది కాదు.

పీక ఊదవచ్చు కదా అన్నాను. నీళ్ళలో అది మోగదు. పైకి తేలాక పడవవారిని పిలవడానికే. దానితోబాటు నారింజరంగు గాలిగొట్టం ఒకటి నిలబెట్టి చూపించాలి. ఇది అనవసరమనుకోకండి. 1998 జనవరిలో ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర పడవవారు తలకాయల లెక్క తప్పి ఒక దంపతులను సముద్రంలో వదిలేసి వచ్చారు. రెండు రోజులకు గాని ఎవరూ గుర్తించలేదు. వారు మరి దొరకలేదు. లెక్కలు రాసి పొట్టపోసుకొనేవాణ్ణి, అది చదివి నాకు ఒళ్ళు జలదరించింది.

చివరకు గిలక్కాయే తీసుకొన్నాం. కాని ఒకటి కాదు, రెండు. అల్లుడు, "ఒకటి చాలు మామయ్యగారూ" అన్నాడు. "ఆనవాయితీ ప్రకారం కానుక అల్లుడికే. కాని దారం చుట్టుకొనేది ఎప్పుడూ అల్లుడి కాలికేనని రాసిపెట్టి వున్నదా బాబూ? అమ్మాయి కాలికి చుట్టుకొంటే మీ రెవరి పిలుపు వింటారు?" అన్నాను. అతడు మాట్లాడలేదు. కాసేపాగి, పగటిపూట కూడా పనికివస్తాయని రెండు చిన్న టార్చీలు తన డబ్బుతో కొన్నాడు.

మా ఆవిడ రెండు గిలక్కాయలకూ దిష్టికి ఎర్రదారం కట్టింది. లోతుకు పోయేకొద్దీ నీటిలో ఎరుపే ముందు మాసి నల్లబడుతుందని అల్లుడు చెప్పాడు. "నల్లదారమైతే మరీ మంచిది" అంది ఆవిడ.

కనుమ వెళ్ళిన తరువాత వాళ్ళు ఈతకొలనులో దిగి పరీక్షించారు. గట్టున నేను కాగితంతో. అమ్మాయి వీపు తిప్పి వుండగా అతడు ఐదు మీటర్ల దూరాన ఊపాడు. వినబడింది. ఆమె వెంటనే తిరిగింది, తప్పు వైపుకు! రెండోసారీ అంతే. అప్పుడు ఇద్దరూ కూర్చొని ఒడంబడిక రాసుకొన్నారు. ఒక్కసారి మోగితే నా వైపు చూడు. మూడుసార్లు మోగితే వెంటనే రా. విన్నవారు ఒక చుట్టు పూర్తిగా తిరిగి, పైనా కిందా కూడా చూడాలి. చూచాక మాట చేతితోనే. అక్కడ బొటనవేలు పైకెత్తితే "భేష్" అని కాదు, "పైకి పోదాం" అని. భేష్ అనడానికి బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి.

మరొక షరతు నేను చేర్చాను. తాబేలు కనబడిందనీ తిరండి చేప కనబడిందనీ మోగించరాదు. ఆ జీవాలకూ ఇబ్బందే, తోటివారికీ ఇబ్బందే. పైగా "నాన్నా, పులి!" అన్న పిల్లవాడి కథ మనకు తెలియనిది కాదు. పదిసార్లు తాబేలుకు తిరిగినవాడు పదకొండోసారి తిరగడు.

అన్నిటికన్నా, మూడు నాలుగు ఊపిరులకొకసారి పక్కకు చూచుకొమ్మన్నాను. ముందు ఒకరు వెనుక ఒకరు కాక, భుజం భుజం కలిపి ఈదితే గిలక్కాయతో పనే పడకపోవచ్చు. మన పిల్లలెవరైనా ఈ విద్యకు పోతుంటే, నేర్పేవారి దగ్గర ఇవన్నీ అడిగి తెలుసుకొమ్మనండి. నా కాగితం గురువుకు బదులు కాదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మళ్ళీ నేత్రాణికి వెళ్ళారు. ఆ రోజు మధ్యాహ్నం దాకా మా ఆవిడ వంట మొదలుపెట్టలేదు. నేను పాత పత్రికలు ముందేసుకొని ఒక్క అక్షరం చదవలేదు. రెండు గంటలకు ఫోను మోగింది. "నాన్నా, పైకి వచ్చేశాం."

"గిలక్కాయ మోగిందా?" అని అడిగాను.

"ఒక్కసారి. ఊరికే, నేను పక్కనే వున్నానో లేదో అని ఆయన మోగించారు."

మా ఆవిడ ఫోను లాక్కొని మొత్తం మళ్ళీ మొదటినుంచి చెప్పించుకొంది. తరువాత వంటింట్లోకి వెళ్ళి గరిటెతో గిన్నె అంచు రెండుసార్లు కొట్టింది. ఇరవై అయిదేళ్ళుగా ఆ చప్పుడుకు మా ఇంట్లో అర్థం ఒక్కటే. కంచం ముందు కూర్చోవడానికి లేచాను. వచ్చే నెల కలుసుకొందాం.