నీచార్థక పదముల గ్రీకు అనువాదము – ఒక విచారణ

ఆంగ్లవచనమును ప్రాచీన గ్రీకులోనికి పరివర్తించుట ఇంగ్లండులోని విద్యాలయములలో చిరకాలముగా ఉన్న అభ్యాసము. దానికి తోడ్పడు గ్రంథములలో ఎస్. సి. వుడ్‌హౌస్ 1910లో ప్రకటించిన ఆంగ్ల-గ్రీకు నిఘంటువు ప్రసిద్ధము. 'బేస్', 'మీన్', 'వైల్', 'విలన్' వంటి నీచార్థక పదములకు గ్రీకులో సమానపదములు కొరవడలేదు. అవి పెక్కు కలవు. చిక్కు అచటనే ఉన్నది. వరుసగా కనబడు పదములలో ఏది గ్రహించినను చెల్లునని విద్యార్థి తలచును. అది సరికాదు. నీచార్థక పదమును అనువదించువాడు ఆ నీచత్వము పుట్టుకకు చెందినదా, వృత్తికి చెందినదా, నడతకు చెందినదా అని ముందుగా నిర్ణయింపవలెనని నా అభిప్రాయము.

మొదట ఆంగ్లపదముల పూర్వచరిత్రను చూతము. 'విలన్' అను పదమునకు మూలము లాటినులోని 'విల్లా', అనగా పల్లెపట్టు క్షేత్రము. ఆ క్షేత్రమున పనిచేయు కృషీవలుడే తరువాతి కాలమున దుష్టుడైనాడు. 'నేవ్' అనగా మొదట బాలుడు, పిదప సేవకుడు, తుదకు వంచకుడు. 'మీన్' అను పదము 'ఉమ్మడి' అను అర్థమునుండియు, 'వైల్' అను పదము 'చౌక' అను అర్థమునుండియు, 'బేస్' అను పదము 'ఎత్తు తక్కువ' అను అర్థమునుండియు దిగివచ్చినవి. స్థితిని చెప్పు పదములు నీతిని చెప్పు పదములుగా మారు ఈ తీరును సి. ఎస్. లూయిస్ 1960 నాటి 'స్టడీస్ ఇన్ వర్డ్స్' అను గ్రంథమున ప్రత్యేకముగా గుర్తించి పేరిడెను.

గ్రీకుభాష కూడ ఈ మార్గముననే నడచినది. 'పొనోస్', 'మొఖ్థోస్' అను రెండు పదములకును శ్రమ అని అర్థము. వానినుండి పుట్టిన 'పొనేరోస్', 'మొఖ్థేరోస్' అను విశేషణములు మొదట శ్రమపీడితుని, పిదప దుష్టుని చెప్పినవి. ఈ రెండర్థములను స్వరభేదముచే వేరుపరుపవలెనని ప్రాచీన వ్యాకర్తలు కొందరు చెప్పిరి. క్సెనొఫోను రచనలతో చేరి మనకు దక్కిన అజ్ఞాతకర్తృకమైన 'ఏథెన్సువారి రాజ్యవ్యవస్థ' అను లఘుగ్రంథమున ప్రజాపక్షమువారు 'పొనేరోయ్', సంపన్నులు 'ఖ్రేస్తోయ్', అనగా మంచివారు. అచట పేదరికము, దుష్టత్వము ఒక్క పదముననే ఇమిడియున్నవి. కావున 'విలన్' అను పదమునకు 'పొనేరోస్' తగిన అనువాదమే. రెండును శ్రామికుని మీదుగానే దుష్టుని చేరినవి.

పుట్టుకను నిందించు సందర్భము వేరు. 'కకోస్' అనగా చెడ్డవాడని బాలబోధ. కాని సొఫొక్లేసు 'ఈడిపస్ రాజు' నాటకమున తాను దాసీసంతతియని తేలినను రాణికి ఆ దోషము అంటదని నాయకుడు చెప్పునపుడు ఆ పదమునకు అర్థము హీనకులజాతయనియే. షేక్‌స్పియరు 'కింగ్ లియర్'లో ఎడ్మండు 'బేస్' అను పదమును మరల మరల ఉచ్చరించుచు తన అక్రమజన్మమును సూచించు పదముతో దానిని జోడించి లోకమును ప్రశ్నించును. దీనిని గ్రీకులో చెప్పువాడు 'పొనేరోస్' అన్నచో ప్రశ్నయే నశించును. 'దుస్గెనేస్', 'అగెన్నేస్' అను జన్మవాచకములే అచట శరణ్యములు. అక్రమజాతునకు 'నొథోస్' అను పదము కలదు కాని ఆంగ్లములోని ధ్వనిసామ్యము దక్కదు. ఆ నష్టమును సహింపవలెను.

సంస్కృతజ్ఞులకు ఇచట ఒక హెచ్చరిక అవసరము. 'దుస్గెనేస్' అను పదములోని రెండు భాగములును మన 'దుస్' అను ఉపసర్గకును, 'జన్' ధాతువునకును సోదరములు. అయినను మన 'దుర్జనుడు' దుష్టుడే కాని హీనకులజుడు కాడు. ధాతుసామ్యము అర్థసామ్యమునకు ప్రమాణము కానేరదు.

వృత్తినింద మూడవది. 'బనౌసోస్' అనగా చేతిపనివాడు. స్వతంత్రుల దేహమును గాని మనస్సును గాని సద్గుణాచరణమునకు పనికిరాకుండ చేయు పనులకు అరిస్టాటిలు 'రాజనీతి' 8వ భాగమున ఈ పేరిడి, కూలికి చేయు పనులను కూడ అందు చేర్చెను. ఆంగ్లరచయిత ఒకని అల్పబుద్ధిని మాత్రమే నిందించినపుడు అనువాదకుడు 'బనౌసోస్' అని వ్రాసినచో మూలమున లేని కుమ్మరిని, కమ్మరిని తెచ్చి నిందలో నిలిపినవాడగును. అల్పబుద్ధికి 'ఫౌలోస్' చాలును. అరిస్టాటిలు 'కావ్యశాస్త్రము'న ప్రహసనపాత్రలకు వాడినది ఈ పదమే. సమస్తదోషములను బట్టి కాక హాస్యాస్పదమైన అంశమును బట్టియే వారు అట్టివారని ఆయన స్పష్టపరచెను. దానిని 'నీచులు' అని తెనిగించుట అతి యగును. భరతుని 'అధమప్రకృతి' దానికి కొంత చేరువ.

'తపెయినోస్' అను పదము కాలభేదమును కూడ కోరును. ప్రాచీన రచయితలలో అది తరచు దైన్యమును, అధమత్వమును చెప్పును; క్రైస్తవగ్రంథములలో వినయమను సద్గుణముతో ముడిపడినది. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రికలో దీనికి సంబంధించిన నామవాచకము దేహమునకు విశేషణముగా వచ్చినచోట 1611 నాటి ఆంగ్లానువాదము 'వైల్' అనెను. 1881 నాటి సవరణ దానిని విడిచి దైన్యార్థక పదమును గ్రహించెను. కావున 'వైల్' అని కనబడిన ప్రతిచోట 'తపెయినోస్' అనుట అపాయకరము.

వాడుకలో మూలార్థము మరుగుపడినపుడు ఈ విచారణ ఏల అని కొందరు అడుగవచ్చును. న్యాయస్థానములోని సామాన్యవచనమునకు ఈ ఆక్షేపము చెల్లును. నాటకమునకు చెల్లదు. యూరిపిడీసు 'ఎలెక్ట్రా'లో పేద సేద్యగాని సౌజన్యమును చూచి ఒరెస్టీసు కులీనతకు నిలుకడయైన గుర్తు లేదని వితర్కించును. పుట్టుకను చెప్పు పదమును, గుణమును చెప్పు పదమును కలిపివేసినచో ఆ వితర్కమునకు తావే లేదు.

పాణిని ఈ భేదమును వ్యాకరణముననే పాటించెను. 6వ అధ్యాయము 3వ పాదమున నిందార్థమునందు షష్ఠికి లోపము లేదని విధించుటచే, తిట్టుగా పలికినపుడే 'దాస్యాఃపుత్రః' అను రూపము సాధువగును. పుట్టుకను మాత్రమే చెప్పునపుడు 'దాసీపుత్రః' అనవలెను. స్థితికథనము వేరు, నింద వేరు అను ఈ వివేకమును అనువాదకులును పాటింపవలెను. మన కళాశాలలలో అనువాదమును బోధించువారు నీచార్థక పదము వచ్చినపుడెల్ల ఎవరు ఎవరిని ఏ కారణమున తక్కువ చేయుచున్నారని విద్యార్థులను ముందుగా ప్రశ్నింపుదురు గాక. నిఘంటువును తెరచుట ఆ పిమ్మటి పని.